మొదటి లెవెల్ మంత్రాలు, అనంతపురం నీళ్లు

2024 సెప్టెంబరులో డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అనే కథలాటకు కొత్త రూల్స్ పుస్తకం, ప్లేయర్స్ హ్యాండ్‌బుక్, వచ్చాక మా ఆదివారం గుంపులో కొన్ని వారాలు ఆట తక్కువ, పంచాయితీ ఎక్కువ. పెద్ద మంత్రాల జోలికి ఎవరూ పోలేదు. తొమ్మిదో లెవెల్ మంత్రం వేసేదాకా బతికి బట్టకట్టిన క్యారెక్టర్ మా దగ్గర ఒక్కటీ లేదు మరి. కొట్లాటంతా అడుగు లెవెల్ మంత్రాల మీదే. ఇది పెంచినారు, అది తుంచినారు, ఇది దండగ, అది మరీ అన్యాయం. వింటున్నకొద్దీ నాకు ఒకటే అనిపించింది: వీళ్లు కొలిచే కొలతే తప్పు. చిన్న మంత్రం ఎంత బలమైనదో దాని డ్యామేజీ చెప్పదు. ఆట ఏ నేల మీద నడుస్తోందో, ఆ నేలకు దేని కరువుందో, అది చెబుతుంది. అనంతపురంలో కూర్చుని ఈ ఆట ఆడించేవాణ్ని కాబట్టి నాకు ఇలా తోస్తుందేమో.

ఆట తెలియని వాళ్లకు రెండు ముక్కలు. ఒకరు కథ నడుపుతారు, వాళ్లను డీఎం అంటాం. మా గుంపులో ఆ పని నాది. మిగతావాళ్లు తలా ఒక క్యారెక్టర్ ఆడతారు. ఫలితం తేలాల్సిన చోట ఇరవై ముఖాల డైస్ పడుతుంది. మంత్రాలకు ఒకటి నుంచి తొమ్మిది దాకా లెవెల్స్ ఉంటాయి. ఒక్కో మంత్రానికి ఒక స్లాట్ ఖర్చవుతుంది, రోజుకు ఇన్నే స్లాట్లని లెక్క. వీటికింద క్యాంట్రిప్‌లని ఉంటాయి. వాటికి స్లాటు అక్కర్లేదు, ఎన్నిసార్లైనా వేసుకోవచ్చు. ఆటలో ఒక రౌండంటే ఆరు సెకన్లు. ఈ ఆరు సెకన్ల సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు ముందు లెక్కలున్నాయి.

మొదటి గొడవ స్లీప్ మీద. 2014 నాటి పాత రూల్స్ పుస్తకంలో ఈ నిద్ర మంత్రం మొదటి లెవెల్ మంత్రాల్లో రాజు. ఎనిమిది ముఖాల డైస్ ఐదు వేస్తే వచ్చిన మొత్తమెంతో, అన్ని హిట్ పాయింట్ల (ప్రాణబలం లెక్క) విలువైన శత్రువులు కింద పడి గుర్రు పెట్టాల్సిందే. తప్పించుకోవడానికి వాళ్లకు డైస్ వేసే అవకాశం కూడా లేదు. సగటున 22, 23 వస్తుంది. గాబ్లిన్‌కు ఉండేవి ఏడు. అంటే ఒక్క మాటతో ముగ్గురు ఔట్. కొత్త పుస్తకంలో పడే చోటు ఐదడుగుల వ్యాసార్థానికి కుంచించుకుపోయింది, శత్రువుకు విజ్‌డమ్ సేవ్, అంటే డైస్ వేసి తప్పించుకునే అవకాశం, వచ్చింది. ఆ సేవ్ ఓడినా ముందు మత్తుగా నిలబడతాడు, రెండోసారి కూడా ఓడితేనే నిద్ర. మాలో విజర్డ్ (మాంత్రికుడు) ఆడే పాలిటెక్నిక్ పిల్లోడు పేజీ చదివి, "అన్నా, ఇది స్లీపా, ఆవలింతా?" అన్నాడు. నాకైతే ఈ మార్పు నచ్చింది. పాత స్లీప్ క్యారెక్టర్లు మొదటి లెవెల్లో ఉండగా ఆటనే ముగించేసేది, వాళ్లు పెరిగి ఐదో లెవెల్‌కు వచ్చేసరికి ఎందుకూ కొరగాకుండా పోయేది. కొత్తది రెండు చోట్లా ఏదో ఒక పని చేస్తుంది.

క్యూర్ వూండ్స్‌కు ఒక డైస్ ఉన్న చోట రెండయ్యాయి. దాని మీద ఎవరూ నోరెత్తలేదు, వైద్యం ఎక్కువైతే ఎవరికి చేదు? పదేళ్లు ఎవరూ ముట్టని ట్రూ స్ట్రైక్ ఇప్పుడు ఆయుధంతోనే కొట్టే క్యాంట్రిప్‌గా మారి పనికొచ్చేదైంది. పాలడిన్, అంటే దేవుడి పేర కత్తిపట్టే యోధుణ్ని, ఆడేవాడికి మాత్రం కడుపు మండింది. డివైన్ స్మైట్‌ను మొదటి లెవెల్ మంత్రం చేసి, బోనస్ యాక్షన్‌లో (టర్నులో దొరికే అదనపు చిన్న పనిలో) కట్టేసి, టర్నుకు ఒకసారికి పరిమితం చేశారు. వాడి బాధలో కొంత న్యాయముంది. దెబ్బ తగిలాక దానికి దేవుడి కోపం కలపడంలో ఉన్న మజా, మంత్రాల జాబితాలో ఒక పేరుగా మారితే తగ్గుతుంది. అయినా ఆట ఆగేంత విషయం కాదు.

సిల్వరీ బార్బ్స్ సంగతి వేరు. అది కొత్త పుస్తకంలోది కాదు, 2021 డిసెంబరులో వచ్చిన స్ట్రిక్స్‌హేవెన్ పుస్తకంలోది. మా దగ్గర ఇప్పటికీ తెగని తగాదా అది. శత్రువు డైస్ వేసి గెలిచాక, నువ్వు ఒక మొదటి లెవెల్ స్లాట్ ఖర్చుపెట్టి "మళ్లీ వెయ్" అనొచ్చు, తక్కువ వచ్చిందే లెక్క. పైపెచ్చు నీ స్నేహితుడికి తర్వాతి డైస్‌లో లాభం. ఇది బలమైనదని అందరూ అంటారు, నిజమే. నా ఫిర్యాదు అది కాదు. దాన్ని వాడిన ప్రతిసారీ ఆటలో జరిగిన ఒక సంగతి జరగనట్టు అయిపోతుంది. ఇరవై పడింది, అందరూ ఊపిరి బిగబట్టారు, విలన్ కత్తి దిగింది. అంతలో ఎవరో "బార్బ్స్" అంటారు, అంతా వెనక్కి. సినిమా చూస్తుంటే పక్కవాడు రిమోట్ నొక్కినట్టుంటుంది. నా బల్ల మీద అది నిషేధం. దీని మీద నాతో వాదించి గెలవాలనుకునేవాళ్లు బజ్జీలు తెచ్చుకుని రావచ్చు.

ఇంతవరకు చెప్పినవన్నీ కొట్లాటలో పనికొచ్చేవే. పుస్తకం వచ్చాక అందరూ వాటినే చదివారు, వాటి మీదే తిట్టుకున్నారు. ఎలిమెంటలిజం అనే కొత్త క్యాంట్రిప్ పేజీని మాత్రం ఒక్క చూపు చూసి తిప్పేశారు. దాంతో చిన్న గాలి వీస్తుంది, కాస్త దుమ్ము లేస్తుంది, నిప్పురవ్వలు ఎగురుతాయి. నీళ్ల దగ్గరికి వచ్చేసరికి చల్లని తుంపర పడుతుంది, లేదా ఒక కప్పు మంచినీళ్లు పుడతాయి, ఆ నీళ్లు ఒక నిమిషంలో ఆవిరైపోతాయి. అంతే. పాలడిన్ నవ్వి, "కప్పు నీళ్లకు స్పెల్ ఎందుకప్పా, కుండలో ముంచుకుంటే పాయె" అన్నాడు. డ్రూయిడ్ (ప్రకృతి మంత్రాల క్యారెక్టర్) ఆడే మా అక్క తల కూడా ఎత్తకుండా, "కుండలో ఉంటే కదా" అంది.

అక్క మాట నన్ను పట్టుకుంది. ఇంటికొచ్చి పాత పుస్తకాలు తిరగేశాను. నీళ్లు పుట్టించే మంత్రం ఈ ఆటలో ఎక్కడ మొదలై ఎక్కడికి వచ్చిందో చూస్తే, చిన్న మంత్రాల మీద ఏళ్ల తరబడి నడిచిన వాదమంతా అందులోనే కనిపిస్తుంది.

1974లో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన మొట్టమొదటి ఆటలో క్రియేట్ వాటర్ క్లెరిక్‌ల, అంటే పూజారి క్యారెక్టర్ల, నాలుగో లెవెల్ మంత్రం. క్లెరిక్‌కు అప్పుడు ఐదో లెవెల్ దాకానే మంత్రాలు. అంటే పై నుంచి రెండో మెట్టు. దాంతో డజను మంది మనుషులకు, వాళ్ల గుర్రాలకు ఒక రోజుకు సరిపడా నీళ్లు వస్తాయి. నీళ్లు అంత పెద్ద సంగతి అన్నమాట. 1978 పుస్తకంలో అది మొదటి లెవెల్‌కు దిగింది. 2000లో వచ్చిన మూడో ఎడిషన్‌లో ఇంకా దిగి సున్నా లెవెల్ అయింది. అయితే సున్నా లెవెల్ మంత్రాలకు కూడా అప్పట్లో రోజుకు ఇన్నేనని లెక్క ఉండేది, కొత్త క్లెరిక్‌కు మూడు. 2009లో పాత్‌ఫైండర్ అనే ఇలాంటిదే ఇంకో ఆట వచ్చి ఆ లెక్క కూడా తీసేసింది. సున్నా లెవెల్ మంత్రాలు ఎన్నిసార్లైనా వేసుకోవచ్చు.

ఇక్కడ కాగితం, పెన్ను తీశాను. పాత్‌ఫైండర్‌లో ఆట మొదలుపెట్టిన తొలిరోజు క్లెరిక్ కూడా ఒక్కసారికి రెండు గ్యాలన్ల నీళ్లు పుట్టిస్తాడు. గ్యాలన్ అంటే 3.785 లీటర్లు. ఆరు సెకన్లకు ఏడున్నర లీటర్లు, నిమిషానికి సుమారు 75, గంటకు నాలుగున్నర వేల లీటర్లు. మా వీధికి వచ్చే ట్యాంకరు ఐదు వేల లీటర్లది. అంటే నిన్నగాక మొన్న గుళ్లో చేరిన కుర్ర పూజారి ఒక చెట్టు కింద కూర్చుని గంటా ఆరు నిమిషాల్లో ట్యాంకరు నింపేస్తాడు, పైసా ఖర్చు లేకుండా. డీజిల్ వద్దు, కరెంటు వద్దు, వెయ్యి అడుగుల బోరు వద్దు. తాగకపోతే ఆ నీళ్లు ఒక రోజుకు మాయమవుతాయి కాబట్టి చెరువు నింపలేడు, పంట తడపడం కుదరదు. కానీ ఊరి దాహం తీరిపోయింది. ఇలాంటి ప్రపంచంలో కరువు అనే కథే పుట్టదు. ఇదంతా రాసినవాళ్లకు తట్టలేదంటే వాళ్ల తప్పు కాదు. గుహలో దిగి రాక్షసుణ్ని చంపే ఆటలో నీళ్లు సామాన్ల జాబితాలో ఒక చిన్న వరుస. 2019లో వచ్చిన రెండో పాత్‌ఫైండర్‌లో దాన్ని మళ్లీ స్లాట్ ఖర్చయ్యే మొదటి లెవెల్‌కు ఎక్కించారు.

డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌లో కూడా 2014లో అది మొదటి లెవెల్‌కే వచ్చి కూర్చుంది. ఒక స్లాటుకు పది గ్యాలన్లు. పై స్లాటు వాడితే ఒక్కో లెవెల్‌కు ఇంకో పది.

మా ఆట నడిచే నేలను నేను మన నేలను చూసే గీసుకున్నాను. గుత్తి లాంటి కొండకోట ఒకటి, గండికోట లాంటి లోయ ఒకటి, బేతంచెర్ల వైపు కనిపించే నాపరాళ్ల బయళ్లు. వానల సంగతీ ఇక్కడిదే. నైరుతి మబ్బులు పడమటి కనుమల అవతలే చాలావరకు కురిసేస్తాయి, ఈశాన్యపు వానలు తీరం నుంచి ఇక్కడికి వచ్చేసరికి బక్కచిక్కుతాయి. అనంతపురానికి ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు, అదీ కాలం బాగుంటే. కథలో పార్టీ, అంటే మావాళ్ల క్యారెక్టర్ల జట్టు, చేరాల్సిన చోటు ఒక పెద్ద గుహ. దానికి మూలం బెలుం. 3,229 మీటర్ల పొడవున్న ఆ గుహల్లో పాతాళగంగ అని ఒక సన్నని ధార ఉంది, చూస్తుండగానే లోపలికి పారి కనబడకుండా పోతుంది. పైన నేల పగుళ్లిచ్చి ఉంటే కింద నీళ్లు ఎటో పారిపోతున్నాయన్న ఊహ మీదే కథంతా కట్టాను. అందుకని క్లెరిక్ షీటులో (క్యారెక్టర్ వివరాల కాగితంలో) క్రియేట్ వాటర్ కనబడగానే మొదట్లో నాకు టెన్షన్ పట్టుకుంది. గుహ దాకా ఎందుకు, చేతిలోనే గంగ ఉందంటే?

కథలో వాళ్లు చేరిన మొదటి ఊళ్లోనే ఆ పరీక్ష వచ్చింది. దిగుడుబావి అడుగున బురద మాత్రం మిగిలింది. మెట్ల మీద బిందెలు వరుసగా బోర్లించి ఉన్నాయి. ఏ బిందె ఎవరిదో తెలిసేలా మెడకు రంగు గుడ్డపేలికలు కట్టారు. క్లెరిక్ ఆడే మా బావ బ్యాంకులో పనిచేస్తాడు, షీటు మీద వేలు పెట్టి, "క్రియేట్ వాటర్. పది గ్యాలన్లు. అయిపాయె, ముందుకు పోదాం పా" అన్నాడు. సరేనని లెక్క చెప్పాను. పది గ్యాలన్లంటే 38 లీటర్లు. బిందెకు పదిహేను లీటర్లనుకుంటే రెండున్నర బిందెలు. ఊళ్లో నలభై ఇళ్లు. బావి గట్టు మీద కూర్చున్న ఒక ముసలమ్మ చేత ఒక్క ప్రశ్న అడిగించాను.

"ముందు ఎవురికి పోస్తావు నాయనా?"

ఆ సాయంత్రం ఇక కత్తి తీసిన పాపాన ఎవరూ పోలేదు. చంటిపిల్లల తల్లులకని ఒకరు, ఎనుములు చస్తే ఊరే చస్తుంది కాబట్టి ముందు వాటికని ఇంకొకరు. బావిలోనే పోసేస్తే ఎవరి వాటా వాళ్లు తోడుకుంటారని పాలడిన్ అంటే, "బురదలో పోస్తే బురదే తాగుతారు" అని అక్క కసిరింది. రెండో స్లాటు కూడా వేయాలా వద్దా? వేస్తే రాత్రి ఎవరికైనా దెబ్బ తగిలితే వైద్యానికి ఏమీ మిగలదు. మొదటి లెవెల్ క్లెరిక్‌కు ఉండేవే రెండు స్లాట్లు. బావ చివరికి రెండూ వేశాడు. తెల్లారేసరికి పక్క ఊరివాళ్లు ఎద్దులబండి మీద ఖాళీ డ్రమ్ములు వేసుకుని వచ్చారు. ఈ ఊరి పెద్దమనిషి క్లెరిక్‌కు భోజనం పెట్టి, తాంబూలం ఇచ్చి, తలుపు బయట గడియ పెట్టించాడు.

అలా ఆ మంత్రం మీద నాకున్న భయం పోయింది. కొన్నాళ్లకు బావ ఐదో లెవెల్‌కు వచ్చాక మళ్లీ లెక్క వేశాం. అతని స్లాట్లన్నీ, నాలుగు మొదటి లెవెల్‌వి, మూడు రెండోవి, రెండు మూడోవి, మొత్తం నీళ్లకే ఊడ్చిపెడితే 160 గ్యాలన్లు, అంటే 606 లీటర్లు. జల్ జీవన్ మిషన్ మనిషికి రోజుకు 55 లీటర్లంటుంది. ఆ లెక్కన పదకొండు మంది. ఒట్టి తాగడానికే అనుకుంటే, ఎండకాలంలో మనిషికి రెండు గ్యాలన్లని 2014 రూల్ కాబట్టి ఎనభై మంది. ఈ మంత్రం కష్టాన్ని చెరిపెయ్యదు. ఎవరికి, ఎంత, ఎవరి కష్టం మీద అన్న ప్రశ్నను మన చేతిలో పెడుతుంది. చిన్న మంత్రం అంటే నాకు ఇలాగే ఉండాలి.

గుడ్‌బెర్రీ అలాంటిది కాదు. అది కూడా మొదటి లెవెలే, దాని మీద మా గుంపులో ఎవరూ గొడవపడలేదు, ఎందుకంటే ఒక్కో పండుకు తిరిగొచ్చేది ఒకే ఒక్క హిట్ పాయింటు. అసలు సంగతి తర్వాతి వాక్యంలో ఉంది. ఒక పండు తింటే ఒక మనిషికి రోజంతటికీ సరిపడా తిండి. స్లాటుకు పది పళ్లు. ఐదో లెవెల్ డ్రూయిడ్ తన తొమ్మిది స్లాట్లు పెడితే తొంభై మందికి ఆ రోజుకు పొయ్యి వెలిగించే పని లేదు. నీళ్లలాగా ఇక్కడ వాటాల తగువు కూడా రాదు, పళ్లు లెక్కగా ఉంటాయి, తలా ఒకటి, కథ కంచికి.

మన దగ్గర తిండి లెక్క ఎప్పుడూ అంత సాఫీగా తేలలేదు. 1876లో మొదలైన ధాతు కరువులో కర్నూలు, కడప, బళ్లారి జిల్లాలు ఎండి పోయినప్పుడు, కలకత్తా నుంచి వచ్చిన బ్రిటిష్ అధికారి రిచర్డ్ టెంపుల్ కరువు పనులకు వచ్చే మగ కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన ఒక అణా చాలన్నాడు. మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ అది మనిషి బతికే తిండి కాదని అడ్డం తిరిగాడు. పౌను అంటే 450 గ్రాములు. ఆ 450 గ్రాములు చాలా, చాలవా అన్నది అప్పుడు మనుషుల ప్రాణాలతో ముడిపడ్డ వాదం. అలాంటి వాదాన్ని ఒక వాక్యంతో లేకుండా చేసేది బలహీనమైన మంత్రమని, ఒక్క హిట్ పాయింటే కదా అని, పక్కన పెట్టడం నాకు కుదరదు. మా ఆటలో గుడ్‌బెర్రీ ఉంది. కాకపోతే దానికి ముందు ఒక పచ్చని కొమ్మ కావాలి, కొమ్మకు పది పళ్లే. మా నేల మీద పచ్చని కొమ్మ కోసం పార్టీ ఎంత దూరమైనా నడవాల్సి వస్తుంది.

ప్యూరిఫై ఫుడ్ అండ్ డ్రింక్ మీద కూడా ఒక తమాషా తగువు జరిగింది. ఐదడుగుల పరిధిలో ఉన్న తిండిలో, నీళ్లలో విషం లేకుండా చేస్తుంది. లోతు బోరు లాంటి ఒక పాతకాలపు బావి దగ్గర ఊరివాళ్ల కాళ్లు వంకర్లు పోయి ఉన్నాయని చెప్పాను. చెప్పగానే అందరికీ అర్థమైంది, ఫ్లోరైడ్ గురించి ఇక్కడ ఎవరికీ పాఠం చెప్పక్కర్లేదు. సత్యసాయి తాగునీటి పథకం 1990లలో వందల ఊళ్లకు నీళ్లిచ్చిందాకా ఈ జిల్లాలో ఎన్నో చోట్ల ఆ బోరు నీళ్లే గతి. సరే, ఫ్లోరైడ్ విషమా? లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాముల లోపల ఉంటే పరవాలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. విషమైతే మంత్రం తీసేస్తుంది. రాతిలోంచి వచ్చిన ఖనిజమైతే అది ఉప్పు లాంటిదే, మంత్రానికి పట్టదు. "ఒకటిన్నర దాకా ఉప్పు, ఆ పైన విషం" అని పిల్లోడు తీర్పు చెప్పాడు. నాకు నచ్చి అదే ఖాయం చేశాను. వంకరపోయిన కాళ్లు మాత్రం ఆ మంత్రంతో తిన్నగా కావు.

ఇక ఎలిమెంటలిజం. ఒక కప్పు, ఒక నిమిషం.

రాసినవాళ్లు ఈసారి ఆలోచించి రాశారని చూస్తేనే తెలుస్తుంది. ఎన్నిసార్లైనా వేయగలిగిన నీళ్ల మంత్రం ట్యాంకరు కాకుండా అడ్డం కట్టారు. ఆరు సెకన్లకు ఒక కప్పు చొప్పున ఎంతసేపు పోసినా, మొదటి కప్పు నిమిషానికి ఆవిరై పోతుంది కాబట్టి పాత్రలో ఎప్పుడు చూసినా పది కప్పులకు మించి ఉండవు. రెండున్నర లీటర్ల లోపే. దాచలేవు, అమ్మలేవు, బండి మీద వేసుకుని పోలేవు. ఇంతవరకు బాగుంది. కానీ పాత్‌ఫైండర్ మంత్రంలో ఉన్న "తాగకపోతే" అన్న మాట ఇందులో లేదు. మరి నిమిషం లోపల తాగేస్తే?

దీని మీద మా గుంపు రెండుగా చీలింది. రూల్ రూలే, కడుపులో ఉన్నా ఆవిరే, దాహం మళ్లీ మొదటికొస్తుందని బావ, పిల్లోడు. నాకు కూడా ముందు అటే మొగ్గు. ఎందుకంటే తాగొచ్చు అన్నామంటే లెక్క తారుమారవుతుంది. గంటకు 600 కప్పులు. ఎనిమిది గంటలు కూర్చుంటే 4,800, అంటే 300 గ్యాలన్లు. ఎండకాలపు రూల్ ప్రకారం 150 మందికి ఒక రోజు దాహం. ఐదో లెవెల్ క్లెరిక్ తన స్లాట్లన్నీ ఊడ్చి తీర్చేది ఎనభై మందికి. అందరూ పనికిరాదని పేజీ తిప్పేసిన క్యాంట్రిప్, మా నేల మీద కొత్త పుస్తకంలోకెల్లా పెద్ద నీళ్ల మంత్రం అయి కూర్చుంటుంది.

అక్క అంతా విని అంది: "చిన్నప్పుడు ట్యాంకరు హారన్ వినబడితే పుస్తకాలు పారేసి బిందె పట్టుకుని ఉరికినదాన్ని. ఆదివారం గూడా నాతో అదే చేయిస్తావేందిరా? ఈడన్నా నీళ్లు పుట్టించనీ."

ఈ వాదాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఊహాలోకంలో కూడా కరువే చూపిస్తానంటే ఆడేవాళ్లకు ఏం ఒరుగుతుంది? ఇంటి కష్టాన్ని ఆటలోకి తెచ్చి దాన్ని గొప్ప కథగా చెలామణీ చేసే డీఎంలు ఉంటారు, వాళ్లలో నేనూ ఒకణ్నేమోనని అప్పుడప్పుడు అనుమానం. అయితే అక్క అడిగింది నీళ్ల ట్యాంకు కాదు. ఆరు సెకన్లకు ఒక మనిషి దోసిట్లో ఒక కప్పు పోసే హక్కు అడిగింది. ఆ మనిషి అక్కడే నిలబడి తాగాలి, పోసేవాళ్లు అక్కడే కూర్చుని పొయ్యాలి. ఇది మనకు కొత్త కాదు, ఎండాకాలం సప్తగిరి సర్కిల్లో చలివేంద్రం దగ్గర జరిగేదే. మజ్జిగ గ్లాసు ఒక్కటే తక్కువ.

కాబట్టి తీర్పు ఇదీ: తాగిన నీళ్లు తాగినవే. చేతిలోంచి నోట్లోకి పోయినవి ఉంటాయి, మిగతావన్నీ నిమిషానికి ఆవిరి. మంత్రం ఉన్నంతసేపు, ఆ మనిషి ఉన్నంతసేపు. ఆ మనిషి లేచిపోతే ఊరికి మళ్లీ బురదబావే దిక్కు. ఇంత చిన్న క్యాంట్రిప్ ఇంత పెద్ద చిక్కు తెస్తుందని పుస్తకం రాసినవాళ్లు అనుకుని ఉండరు. క్లెరిక్ రెండు బిందెలు పోసి తన దారిన పోవచ్చు. డ్రూయిడ్ పోతే ఊరు ఎండుతుంది, పోకపోతే గుహలో పారే ధార దగ్గరికి ఎవరూ చేరరు. బావ వెంటనే మొదలుపెట్టాడు, ఊళ్లో పిల్లలకు ఈ క్యాంట్రిప్ నేర్పిస్తే పోలేదా అని. నేర్పొచ్చు. దానికి ఎన్నేళ్లు పడుతుంది, నేర్చినవాళ్లు ఊళ్లోనే ఉంటారా, బెంగళూరు లాంటి ఊరు వెతుక్కుంటూ పోతారా అన్నది వేరే కథ. ఆ కథ కూడా ఎప్పుడో ఆడిస్తాను.

పోయిన ఆదివారం పార్టీ గుహ వైపు బయల్దేరే రోజు. సామాన్లు సర్దారు, తాళ్లు లెక్కపెట్టుకున్నారు, దీపాలకు నూనె కొన్నారు. డ్రూయిడ్ సంగతి ఏంటని అడిగాను. అక్క ఉగ్గాని ప్లేటు పక్కకు జరిపి, తన షీటు మడిచి నా చేతిలో పెట్టింది.

"ఇది ఈడనే ఉంటాది, చలివేంద్రంలో. నాకు ఇంకో షీటు ఇయ్యి. ఈసారి ఫైటర్. స్పెల్స్ వద్దు."

"అక్కా, ఫైటర్‌కు కూడా ఒక సబ్‌క్లాసులో స్పెల్స్ ఉంటాయి" అన్నాడు పిల్లోడు.

"నోరు మూసుకుని నాకు మంచి గొడ్డలి చూడు" అంది.